మిద్దెతోటలో, అరెకరం చేలో కందిరీగలను పనికి పెట్టుకోవడం ఎలా

ముందు నేను చేసిన వెధవపని చెప్తాను. బెంగళూరు రామమూర్తినగర్‌లో మా మిద్దె మీద ఒక ముద్దమందార ఉంది, ఎండలు ముదిరేసరికి దానికి ఏటా పిండినల్లి పడుతుంది. ఒక ఆదివారం పొద్దున్నే పాత టూత్‌బ్రష్, సబ్బునీళ్ళు పట్టుకుని కూర్చుని కొమ్మ కొమ్మా రుద్ది కడిగేశాను. దూదిలాంటి తెల్ల పురుగుల మధ్యలో, గోధుమరంగులో గట్టిపడి చిన్న పీపాల్లా అతుక్కున్నవి కూడా కొన్ని కనిపించాయి. అవేవో ఇంకా మొండి రకం అనుకుని గోటితో గీకి మరీ తీసేశాను. మూడు వారాలకు పిండినల్లి మళ్ళీ వచ్చింది, ఈసారి రెట్టింపు. నేను గీకి పారేసిన ఆ పీపాలు పిండినల్లి శవాలని, వాటిని లోపల్నుంచి తినేసి రేపోమాపో బయటికి రావడానికి సిద్ధంగా ఉన్నవి కందిరీగ పిల్లలని తర్వాత తెలిసింది. పైసా జీతం అడగకుండా వచ్చిన పనివాళ్ళను నేనే తరిమేశాను.

అందుకే ఇక్కడ కందిరీగలను కొనడం గురించి తర్వాత చెప్తాను. ముందు చూడటం నేర్చుకోవాలి.

కందిరీగ అనగానే చూరు కింద వేలాడే తుట్టె, కుడితే బుర్రుమని వాచే చెయ్యి గుర్తొస్తాయి కదా, వీటితో ఆ టెన్షన్ లేదు. నేను చెప్పేవి చాలావరకు చీమకంటే చిన్నవి. ట్రైకోగ్రామా అనే రకం అయితే అర మిల్లీమీటరు, పెన్సిల్‌తో పెట్టిన చుక్కంత. మనిషిని కుట్టలేవు, తుట్టె పెట్టవు. ఆడది ఒంటరిగా తిరుగుతూ తనకు కావాల్సిన పురుగునో, పురుగు గుడ్డునో వెతుక్కుని అందులో తన గుడ్డు పెట్టి వెళ్ళిపోతుంది. పిల్ల లోపలే పెరిగి, ఆశ్రయం ఇచ్చినదాన్ని తినేసి, కన్నం చేసుకుని బయటికొస్తుంది. వ్యవసాయ శాఖ కరపత్రాల్లో వీటిని బదనికలు అంటారు, మామిడి కొమ్మ మీద మొలిచే బదనిక పేరే. నాకైతే ఆ పేరు పూర్తిగా అతకదనిపిస్తుంది, ఎందుకంటే మామిడి మీది బదనిక చెట్టును పీల్చుకుంటూ ఏళ్ళతరబడి దానితోపాటే బతుకుతుంది, ఇది మాత్రం చంపి తీరుతుంది.

మన పెద్దవాళ్ళు భ్రమరకీటక న్యాయం అని చెప్పేవాళ్ళు గుర్తుందా? తుమ్మెద ఒక పురుగును గూట్లో పెట్టి చుట్టూ ఝుంకారం చేస్తుంటే, ఆ పురుగు తుమ్మెదనే తలుచుకుని తలుచుకుని చివరికి తనూ తుమ్మెద అయిపోతుందని. చూసినవాళ్ళు అబద్ధం చెప్పలేదు, గోడ మూల మట్టిగూడు కట్టే కందిరీగ నిజంగానే పురుగును కుట్టి, కదలకుండా చేసి, గూట్లో తన గుడ్డుతోపాటు పెట్టి మూసేస్తుంది. పురుగు లోపలికి పోయింది, రెక్కలున్నది బయటికొచ్చింది. మధ్యలో జరిగింది ధ్యానం కాదు, భోజనం.

సరే, పనిలోకి వద్దాం. ఒక భూతద్దం కొనండి, పది రెట్లు పెద్దగా చూపించేది చాలు. అది లేకపోతే ఫోన్ కెమెరాలో జూమ్ చేసినా కొంత పని జరుగుతుంది. ఆవ, ముల్లంగి, చిక్కుడు మొక్కల లేత చివర్లలో పేనుబంక పట్టినప్పుడు ఆకు తిప్పి చూడండి. పచ్చగానో నల్లగానో కదులుతున్న వాటి మధ్య బంగారు గోధుమరంగులో ఉబ్బిపోయి, కదలకుండా, కాగితంలా ఎండిన పేనులు కనిపిస్తే అవి మమ్మీలు, అంటే లోపల కందిరీగ ఉంది లేదా ఇప్పటికే వెళ్ళిపోయింది. వెళ్ళిపోయి ఉంటే వీపు మీద గుండ్రటి కన్నం ఉంటుంది. ఆ కన్నం అంచు నున్నగా ఉంటే మన పనివాడే. గరుగ్గా, కొరికినట్టు ఉంటే మాత్రం కందిరీగ పిల్లను తిన్న ఇంకో కందిరీగ బయటికొచ్చిందని అనుమానించాలి. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడని ఊరికే అనలేదు. పిండినల్లి సంగతి చెప్పాను కదా, గట్టిపడిన గోధుమరంగు పీపాలు. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఆకుల మీద సన్న పచ్చపురుగు పక్కనే వరిగింజకంటే చిన్న తెల్లటి పట్టుగూడు అంటుకుని ఉంటే అది కూడా కందిరీగదే, బెంగళూరు చుట్టుపక్కల క్యాబేజీ చేలల్లో డైమండ్ రెక్కల పురుగు మీద ఇది బాగానే కనిపిస్తుంది. కరివేపాకు, నిమ్మ మీద సీతాకోకచిలుక పెట్టే గుండ్రటి లేతపసుపు గుడ్డు మొత్తం నల్లబడిందంటే అందులో పరాన్నజీవి ఉండొచ్చు. కానీ పొదిగే ముందురోజు మామూలు గుడ్డు కూడా ముదురు రంగుకి తిరుగుతుంది, కాబట్టి ఒక్క రంగునే నమ్మకండి.

నమ్మకం కుదరకపోతే ఒక పని చెయ్యండి. అనుమానం ఉన్న ఆకు ముక్కను గాజుసీసాలో వేసి, మూతి మీద పలుచటి గుడ్డ కట్టి రబ్బరు బ్యాండ్ వేసి, ఎండ తగలని చోట పెట్టి వారం పదిరోజులు చూడండి. ఏం బయటికొస్తుందో అదే జవాబు. మా ఇంట్లో పిల్లలకు ఇది టీవీ కంటే ఎక్కువైంది.

ఇప్పుడు చీమలు. మిద్దెతోట వాళ్ళు పట్టించుకోనిది ఇదే, నిజానికి సగం పని ఇక్కడే ఉంది. పిండినల్లి, పేనుబంక తియ్యటి జిగురు కారుస్తాయి, దానికోసం చీమలు వాటిని పశువుల్లా కాస్తాయి, కందిరీగ వచ్చి వాలితే తరిమికొడతాయి. కాబట్టి చీమలను ఆపకుండా కందిరీగ పని చెయ్యలేదని బాధపడి లాభం లేదు. కుండీని స్టాండు మీద పెట్టి, స్టాండు కాళ్ళకు గ్రీజు రాయండి, లేదా కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టండి, పాతకాలం పాల అలమారు కింద పెట్టినట్టు. కొమ్మలు గోడకు, పక్క కుండీకి తగలకుండా కత్తిరించండి, వంతెన ఒక్కటి దొరికితే చాలు వాటికి. మందార మీద నేను రెండోసారి చేసింది ఇంతే. మరీ దట్టంగా పట్టిన రెండు కొమ్మలు కోసేశాను, పీపాలున్న కొమ్మలు ముట్టుకోలేదు, చీమలకు దారి మూసేశాను, అంతకుమించి ఏమీ చెయ్యలేదు. నెల తిరిగేసరికి పిండినల్లి ఉందా అంటే ఉంది, వెతికితే కనిపించేంత.

కందిరీగలకు తిండి కూడా పెట్టాలి. వాటి పిల్లలు పురుగును తింటాయి కానీ పెద్దవి తేనె తాగి బతుకుతాయి, వాటి నోరు చాలా చిన్నది కాబట్టి పెద్ద పెద్ద పూలు వాటికి పనికిరావు. కొత్తిమీర, సోంపు, ఇక్కడి సంతల్లో సబ్బసిగె సొప్పు అని కట్టలు కట్టి అమ్మే సోయకూర, ఇలాంటి గొడుగు పూలు సరిగ్గా సరిపోతాయి. కొత్తిమీర పూతకి వచ్చిందని పీకెయ్యకండి, నాలుగు మొక్కలు అలా వదిలెయ్యండి. చేను ఉన్నవాళ్ళు గట్టు మీద అలసంద వేసుకోవచ్చు, దానికి పువ్వు లేకపోయినా కాడల దగ్గర తేనె ఊరుతుంది.

ఇక హొసకోట దగ్గర మేం కౌలుకి తీసుకున్న అరెకరం సంగతి. మదనపల్లి నుంచి మా మామయ్య వచ్చి దగ్గరుండి టమోటా పెట్టించాడు. ముప్పై ఏళ్ళు టమోటా పండించిన మనిషి, వారానికి రెండు మందులు అలవాటు. ఈసారి మందు బదులు ట్రైకోగ్రామా ఉన్న అట్టకార్డులు కడదామన్నాను.

"ఏమ్మా, మందు కొట్టకుండా కార్డు ముక్కలు కడితే పురుగు పోతుందా?" అన్నాడు.

"ఉన్న పురుగు పోదు మామయ్యా, రాబోయే పురుగు ఆగుతుంది. ఒక్క పంట చూద్దాం."

"చూద్దాంలే, నష్టం నీది, నవ్వు నాది."

నేను చెప్పిన ఆ జవాబులోనే మొత్తం కిటుకు ఉంది, చాలామంది డబ్బు పోగొట్టుకునేది కూడా అక్కడే. ట్రైకోగ్రామా గుడ్లను మాత్రమే పట్టుకుంటుంది, అదీ సీతాకోకచిలుకల్లాంటి రెక్కల పురుగుల గుడ్లను. కాయలో దూరిన పురుగును అది ఏమీ చెయ్యలేదు. కాయలకు కన్నాలు చూసి కంగారుపడి కార్డులు తెచ్చి కట్టడమంటే దొంగ ఇంట్లోకి వచ్చాక వీధి తలుపు గడియ పెట్టడమే. కాయ తొలిచే పచ్చపురుగు తల్లి లేత ఆకుల మీద, పూల దగ్గర గుడ్లు విడివిడిగా పెడుతుంది, ఎండకాలంలో అవి మూడు నాలుగు రోజుల్లో పొదిగిపోతాయి. మన చేతిలో ఉన్న సమయం అంతే. కాబట్టి పూత మొదలయ్యేసరికి లింగాకర్షక బుట్టలు, అంటే ఆడపురుగు వాసనతో మగవాటిని రప్పించి పట్టేవి, కట్టండి, ఎకరాకు ఐదు. బుట్టలో మొదటి మగ రెక్కలపురుగు పడిన వారంలోనే మొదటి కార్డు చేలో ఉండాలి.

కార్డు అంటే పోస్టుకార్డు కంటే కాస్త పెద్దదైన అట్టముక్క, దాని మీద బియ్యంలో పట్టే కార్సీరా అనే రెక్కల పురుగు గుడ్లు జిగురుతో అంటించి, వాటిలో ట్రైకోగ్రామాతో గుడ్లు పెట్టిస్తారు. ఒక కార్డు మీద సుమారు 20,000 గుడ్లు. పరాన్నజీవి పట్టిన మూడు నాలుగు రోజులకు గుడ్లు నల్లబడతాయి, వారం పదిరోజుల్లో కందిరీగలు బయటికొస్తాయి. టమోటాకి ఎకరాకు వారానికి ఒక కార్డు చొప్పున ఐదారు వారాలు కట్టమంటారు. నేను అరెకరానికే ఒక పూర్తి కార్డు వాడాను, ఎందుకంటే కార్డులో అన్నీ పొదగవు, పొదిగినవన్నీ బతకవు, ఖర్చు కూడా ఒక పిచికారీ కంటే తక్కువే. ఇందులోనూ రకాలు ఉన్నాయి, టమోటాకి ప్రెటియోసమ్ గానీ చిలోనిస్ గానీ అడగండి, వరిలో కాండం తొలిచే పురుగుకి జపోనికమ్, వంకాయ కొమ్మ, కాయ తొలిచే పురుగుకి చిలోనిస్. ఏ పంటకో చెప్పకుండా ఊరికే ట్రైకో కార్డు ఇవ్వండి అంటే ఏది ఉంటే అది చేతిలో పెడతారు. కృషి విజ్ఞాన కేంద్రాల్లో, వ్యవసాయ శాఖ జీవనియంత్రణ ల్యాబుల్లో, ప్రైవేటు ఉత్పత్తిదారుల దగ్గర దొరుకుతాయి, కానీ దుకాణంలో పేర్చి ఉండే సరుకు కాదు, వారం పదిరోజుల ముందు చెప్పి చేయించుకోవాలి. ఐదు వారాల కార్డులకు ఒకేసారి ఆర్డరిచ్చి, వారానికొకటి పంపమని చెప్పడం మేలు.

కార్డు చేతికి రాగానే వెనకవైపు తేదీ చూడండి. గుడ్లు నల్లగా, నిండుగా ఉండాలి, తెల్లగా ఉన్నవి దండగ. భూతద్దంలో నల్లగుడ్ల మీద అప్పటికే సన్న కన్నాలు కనిపిస్తున్నాయంటే కందిరీగలు దారిలోనే వెళ్ళిపోయాయి. ఒక చిన్న ముక్క కత్తిరించి గాజుసీసాలో వేసి దూది పెట్టి ఇంట్లో ఉంచుకోండి, ఎన్ని బయటికొచ్చాయో తెలుస్తుంది, వచ్చే వారం ఎవరి దగ్గర కొనాలో కూడా తెలుస్తుంది. నాకు ఒకసారి వచ్చిన కార్డులోంచి పదోవంతు కూడా రాలేదు. తప్పు అమ్మినవాళ్ళదని పోట్లాడబోయి ఆగాను, ఎందుకంటే ఆ రోజు హొసకోట దారిలో ట్రాఫిక్‌లో ఇరుక్కుని, కార్డును డ్యాష్‌బోర్డు మీద ఎండలో గంటన్నర పెట్టింది నేనే. కారులో తెస్తే నీడలో, కాగితం సంచిలో తెండి. రెండు రోజులు ఆగాలంటే ఫ్రిజ్‌లో కింద కూరగాయల పెట్టెలో పెట్టొచ్చు, ఫ్రీజర్‌లో కాదు. వారం దాటనివ్వకండి. ఒక సంగతి ఇంట్లో అందరికీ చెప్పండి, మా అత్తమ్మ నల్లనువ్వులు అంటించిన అట్ట అనుకుని బయట పారేయబోయింది.

కట్టే పని సాయంత్రం నాలుగున్నర తర్వాత పెట్టుకోండి, లేదా తెల్లవారుజామున. కత్తెరతో కార్డును సన్న ముక్కలుగా కొయ్యండి, గుడ్లు నలగకుండా. ఈ కందిరీగ పెద్దగా ఎగరలేదు, చుట్టూ కొన్ని మీటర్లే దాని లోకం, అందుకని ముక్కలు దూరదూరంగా కాకుండా ఐదు నుంచి పది మీటర్లకొకటి చొప్పున చేనంతా పరుచుకునేలా కట్టాలి. గాలి వచ్చే వైపు రెండు ముక్కలు ఎక్కువ కట్టండి. మొక్క పైభాగంలో, ఆకు అడుగువైపు స్టేపుల్ కొట్టాలి, ఎండ నేరుగా తగలకూడదు. మేలోనూ, మళ్ళీ సెప్టెంబర్, అక్టోబర్‌లోనూ బెంగళూరులో సాయంత్రం వాన ఎప్పుడు పడుతుందో బ్రహ్మకే ఎరుక, అందుకని నేను కాగితం టీకప్పు బోర్లించి, లోపల ముక్క అంటించి, టమోటా ఊతకర్రకు దారంతో వేలాడదీస్తాను. దారానికి ఒక అంగుళం మేర గ్రీజు రాస్తాను, లేకపోతే చీమలు రాత్రికి రాత్రి గుడ్లన్నీ మోసుకుపోతాయి. మొదటి వారం నాకు అదే జరిగింది, పొద్దున వెళ్ళి చూస్తే అట్ట నున్నగా ఉంది, మామయ్య నవ్వు ఆపుకోలేదు.

మందుల గురించి గట్టిగా చెప్పాలి. కార్డు కట్టిన చేలో సింథటిక్ పైరిథ్రాయిడ్ లాంటి అన్నిటినీ చంపే మందు కొడితే ఆ డబ్బు బూడిదలో పోసిన పన్నీరే. అంతకుముందే కొట్టి ఉంటే కనీసం రెండు వారాలు ఆగి కార్డు కట్టండి. గంధకం కూడా వీటికి పడదు, బూడిద తెగులుకని కొట్టేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. కందిరీగను తప్పించుకుని గుడ్లలోంచి వచ్చిన చిన్నపురుగుల మీద బీటీ అనే బ్యాక్టీరియా మందు వాడొచ్చు, వేపగింజల కషాయం వాడొచ్చు, అదైనా కార్డు కట్టిన రోజు వద్దు, రెండు మూడు రోజుల ఎడం ఇవ్వండి. మన అరెకరం పక్కన ఎవరో నాలుగురోజులకోసారి మందు కొడుతుంటే గాలికి ఇటూ వస్తుంది, సరిహద్దున రెండు మూడు వరసలు జొన్నో మొక్కజొన్నో దట్టంగా వేసుకోవడం తప్ప నాకు వేరే దారి దొరకలేదు.

పంట చివరికి ఏమైందంటే, పురుగు కన్నం ఉన్న కాయలు గంపకు రెండో మూడో ఉంటూనే వచ్చాయి. సున్నా కావాలంటే ఈ పద్ధతి మీకు కాదు. ఆకుల పొరల మధ్య తెల్ల మచ్చలు చేసి కాయకి సూదిబెజ్జాలు పెట్టే ట్యూటా అనే పురుగు, 2014లో మన దేశంలో దిగింది, దాన్ని ఈ కార్డుల మీదే వదిలేస్తే కుదరదు, దానికి వేరే లింగాకర్షక బుట్టలు కట్టి, మచ్చపడిన ఆకులు ఏరెయ్యాల్సి వచ్చింది. తెల్లదోమ, తామరపురుగు, నల్లి, వీటికి ట్రైకోగ్రామాతో సంబంధమే లేదు. మామయ్య మాత్రం మందు బిల్లు చూసి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనలేదంటే మెచ్చుకున్నట్టే.

కొని వదిలే పని ప్రతి పంటకీ మళ్ళీ మళ్ళీ చెయ్యాలి. కొన్నిటికి ఆ అవసరమే ఉండదు, ఒకసారి సరైన కందిరీగ వచ్చిందంటే అదే నిలదొక్కుకుంటుంది. బొప్పాయి పిండినల్లి కథ అదే. మెక్సికో వైపు పురుగు, 2008లో కోయంబత్తూరు దగ్గర బయటపడి బొప్పాయి, కర్రపెండలం, మల్బరీ అన్నిటినీ తెల్లగా కప్పేసింది. ఒంటినిండా మైనపు పొడి ఉండటంతో మందు దానికి సరిగా అంటదు, పైగా మల్బరీ మీద మందు కొడితే ఆ ఆకు తిన్న పట్టుపురుగు చచ్చిపోతుంది. మన హెబ్బాళలో జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ ఉంది, ఎన్‌బీఏఐఆర్ అంటారు. 2010లో వాళ్ళు ప్యూర్టో రికో నుంచి మూడు జాతుల కందిరీగలు తెప్పించి, క్వారంటైన్‌లో పెట్టి పరీక్షించి, తర్వాత తోటల్లో వదిలారు. వాటిలో అసిరోఫేగస్ పపాయే అనేది దూసుకుపోయింది, కొన్ని నెలల్లోనే పిండినల్లి అణిగింది. కర్రపెండలం పిండినల్లి 2020లో కేరళలో కనబడితే, ఆఫ్రికాలో 1980ల నుంచి దాన్ని అదుపులో పెడుతున్న అనాగైరస్ లోపెజి అనే కందిరీగను తెప్పించి 2022లో సేలం వైపు వదిలారు. ఇలా బయటి దేశం నుంచి పురుగు తేవడం ప్రభుత్వ సంస్థల పని, అనుమతులు, పరీక్షలు ఉంటాయి, సూట్‌కేసులో తెచ్చుకునే సరుకు కాదిది. శిడ్లఘట్ట, విజయపుర వైపు పట్టుపురుగులు పెంచేవాళ్ళకు ఇదేం కొత్త కాదు, పట్టుపురుగును చంపే ఊజీ ఈగ మీదికి నెసోలింక్స్ అనే కందిరీగల సంచులు వాళ్ళు షెడ్లలో వేలాడదీస్తుంటారు.

ఇంటి ముందు కొబ్బరిచెట్టు ఉన్నవాళ్ళకు ఒక మాట. ఆకు అడుగున తెల్లటి మెలికలు, కింద కారు మీద నల్ల మసి కనిపిస్తే అది సర్పిలాకార తెల్లదోమ, 2016లో పొల్లాచ్చి వైపు బయటపడింది. మందు కొట్టించకండి. ఎన్‌కార్సియా అనే కందిరీగ దాన్ని వెతుక్కుంటూ వస్తుంది. రాకపోతే, ఆ కందిరీగ ఉన్న చెట్టు నుంచి, తెల్లదోమ పిల్లల మీద గుండ్రటి కన్నాలు మొదలైన ఆకు ముక్కలు కొన్ని కోసి తెచ్చి మీ చెట్టు ఆకులకు గుచ్చండి. కన్నాలు లేని వాటిలో ఇంకా కందిరీగలు ఉంటాయి. కొబ్బరి ఆకు తినే నల్లతల పురుగుకి గోనియోజస్ కందిరీగ తెచ్చుకుంటే మాత్రం చెట్టు మొవ్వులో వదలొద్దు, అక్కడ సాలీళ్ళు, ఇతర పురుగులు తినేస్తాయి, మొదలు దగ్గర మాను మీద వదలాలి.

చివరగా, ఏరి పారేసే వంకాయ కొమ్మలు, పురుగు పట్టిన కాయల గురించి. కాల్చొద్దు, వెంటనే పూడ్చొద్దు. వాటిలో కొన్ని పురుగుల ఒంట్లో ఇప్పటికే కందిరీగ ఉండొచ్చు. పాత పెయింట్ బకెట్‌లో వేసి, పైన దోమతెర బిగించి కట్టి చేను మూల నీడలో పెట్టండి. తెర కన్నాల్లోంచి చిన్న కందిరీగలు బయటపడతాయి, రెక్కలపురుగు లోపలే ఉండిపోతుంది. మూడు వారాలయ్యాక బకెట్ తీసి ఎరువు గుంతలో కుమ్మరించండి. తెరకి చిరుగు లేకుండా చూసుకోండి, మాది మొదటిసారి ఎలుక కొరికేసింది.